బియ్యం, గోధుమ లేకుండా ఇంటిల్లిపాదికీ ఒకే వంట సాధ్యమేనా?

విజయనగరం ఇల్లాలు

అందరికీ నమస్కారం. మా వారికి షుగరు ఉన్నట్టు ఇటీవల చేయించిన పరీక్షల్లో తేలింది. డాక్టరు గారు మెట్‌ఫార్మిన్ మాత్రలు రాసి, అన్నమూ పిండివంటలూ బాగా తగ్గించమనీ, మూడు నెలల తరువాత హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే) పరీక్ష మళ్లీ చేయించమనీ చెప్పారు. మా ఆడపడుచు గారి అబ్బాయి ఇంటరు చదువు కోసం మా దగ్గరే ఉంటున్నాడు. అతనికి సీలియాక్ జబ్బు ఉంది కనుక గోధుమ ఏ రూపంలోనూ పడదు. అత్తయ్య గారికి పొద్దున్నే చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం వేడి అన్నం లేకపోతే భోంచేసినట్టే ఉండదు. ఇక మా పిల్లలిద్దరూ బడికి వెళ్తారు, వాళ్లకు క్యారియరు కట్టాలి.

ఇన్ని అవసరాలకు ఇన్ని రకాల వంటలు చేయడం ఉద్యోగానికి వెళ్లే నా వల్ల కావడం లేదు. అందుకని బియ్యం, గోధుమ, రవ్వలు ఏవీ లేకుండా అందరూ కలిసి తినగలిగే వంట ఇంట్లోనే చేసుకోవాలని ఆలోచిస్తున్నాను. వీడియోల్లో చూస్తే బాదం పిండి అనీ ఇంకేవో గింజల పొడులనీ ఖరీదైన సరుకులు చెబుతున్నారు. మన సంతలో, మన కిరాణా కొట్లో దొరికే వాటితో ఉదయం టిఫినూ రాత్రి భోజనమూ ఎలా నడుపుకోవచ్చు? అన్నం మానేసి చోళ్లు, సామలు, గంటెలు (సజ్జలు) తింటే షుగరుకు భయం లేదని ఇరుగుపొరుగు వారు అంటున్నారు. అది నిజమేనా? అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే మేలు చేసినవారవుతారు.

ఆమదాలవలస, విశ్రాంత గృహవిజ్ఞాన అధ్యాపకురాలు

అమ్మా, ముందు మీ ఇరుగుపొరుగు వారి మాట సంగతి చూద్దాం. గోధుమ మానడం ఒకటి, ధాన్యాలన్నీ మానడం మరొకటి, పిండి పదార్థం తగ్గించడం ఇంకొకటి. ఈ మూడింటినీ ఒకటే అనుకోవడం వల్లనే చాలా ఇళ్లలో శ్రమ ఎక్కువై ఫలితం తక్కువవుతోంది. మీ మేనల్లుడికి కావలసింది మొదటిది మాత్రమే. అతను అన్నం తినవచ్చు, చోళ్లు తినవచ్చు. మీ వారికి కావలసింది మూడవది. ధాన్యాలన్నీ పూర్తిగా మానేయవలసిన అవసరం మీ ఇంట్లో ఎవరికీ లేదు. అయితే రోజులో ఒకటి రెండు పూటలు ధాన్యం లేకుండా వండుకుంటే ఆ ఇద్దరికీ ఒకే గిన్నెలో వంట సరిపోతుంది కాబట్టి మీ ఆలోచన మంచిదే.

ఇక చోళ్ల సంగతి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పోషక పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో సుమారు 78 గ్రాములు, చోళ్లలో సుమారు 67 గ్రాములు, గోధుమ పిండిలో సుమారు 64 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. చోళ్లలో పీచు 11 గ్రాముల వరకు ఉంటుంది, కాల్షియం 350 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. బియ్యం ఈ రెండింటిలోనూ వాటికి చాలా దూరం. అందుచేత చోళ్లు బియ్యం కంటే మేలైనవని చెప్పవచ్చు గాని, షుగరుకు భయం లేనివని చెప్పడానికి వీల్లేదు. 20 గ్రాముల పిండితో కాచిన పలుచటి అంబలిలో మజ్జిగ కలుపుకుంటే పిండి నుంచి వచ్చేది 13 గ్రాములే. అదే 100 గ్రాముల పిండితో ముద్ద చేసుకుంటే 67 గ్రాములు. మన ఇళ్లలో అంబలిలో నూకలు కూడా వేసి కాస్తాం కనుక మీ వారి గ్లాసు తీసిన తరువాతనే నూకలు ఉడికించి కలపండి. అత్తయ్య గారి అలవాటును కదపవలసిన పని లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ సగ్గుబియ్యం. అది ధాన్యం కాదు, కర్రపెండలం దుంప నుంచి తీసిన పిండితో చేసినది. ఉపవాసం రోజున అన్నం తినలేదు కదా అని సగ్గుబియ్యం కిచిడీ తింటే, ఎండు సగ్గుబియ్యంలో 100 గ్రాములకు దాదాపు 88 గ్రాములు పిండి పదార్థమే. చిలగడదుంప, కంద, అరటికాయ కూడా ధాన్యాలు కావు గాని మీ వారి కంచంలో వాటిని కూరలుగా కాక అన్నంతో సమానంగా లెక్కించాలి.

మనకు అసలైన ఆధారం పప్పుధాన్యాలు. పేరులో ధాన్యం ఉన్నా ఇవి కాయజాతివి. పెసలలో 100 గ్రాములకు సుమారు 46 గ్రాముల పిండి పదార్థం ఉన్నా, 17 గ్రాముల పీచు, 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి కనుక రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది, ఆకలి త్వరగా వేయదు. ఒకరికి 40 గ్రాముల పెసలు చాలు. అంటే రెండు పలుచటి అట్లు, పిండి పదార్థం 18 గ్రాములు. సాధారణంగా అట్టు కరకరలాడాలని పెసలలో గుప్పెడు బియ్యం వేస్తాం. ఆ గుప్పెడు మానేస్తే అట్టు పెనానికి అంటుకుని చిరిగిపోతోందని చాలామంది విడిచిపెడతారు. లోపం పిండిలో లేదు, నీటిలో ఉంది. పెసలను ఐదారు గంటలకు మించి నాననివ్వకండి. నీళ్లు పూర్తిగా వార్చి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి, మిక్సీ తిరగడానికి ఎంత కావాలో అంత నీరే పోసి, వేలితో రాస్తే సన్నటి పలుకు తగిలేంతవరకే రుబ్బండి. ఇనప పెనం బాగా కాగిన తరువాత నీళ్లు చిలకరించి, ఉల్లిపాయ ముక్కతో నూనె రాసి, మంట తగ్గించి అప్పుడు పిండి వేయండి. మరీ కాగిన పెనం మీద వేస్తే గరిటెతో తిప్పుతుండగానే పిండి ముద్దకట్టి లేచి వస్తుంది. అంచులు వాటంతట అవే ఎర్రబడి పైకి లేచేవరకు అట్లకాడ పెట్టకండి. పిండిని పులియబెట్టనక్కర లేదు కనుక రాత్రి పడుకోబోయే ముందు నానబోస్తే తెల్లవారగానే పది నిమిషాల పని.

ఇదే విధంగా మినుములతో రవ్వ కలపని మందపాటి రొట్టె, శనగపిండిలో తోటకూర గాని మునగాకు గాని కలిపిన అట్టు, ఉడికించిన పెసలు, శనగల తాలింపు మార్చి మార్చి చేసుకోవచ్చు. కోడిగుడ్డు తినేవారైతే మరీ సులువు, ఒక గుడ్డులో పిండి పదార్థం ఒక గ్రాము కూడా ఉండదు.

మధ్యాహ్నం భోజనానికి నా సలహా ఒక్కటే. కూర, పప్పు, పులుసు అందరికీ ఒకటే వండండి గాని ఇప్పుడు వండే కూరకు రెట్టింపు వండండి. తేడా అంతా అన్నం దగ్గర ఉండాలి. 100 గ్రాముల వండిన అన్నంలో సుమారు 28 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. మన వైపు మగవారు ఒక పూట 300 గ్రాముల అన్నం తేలికగా తింటారు, అంటే 84 గ్రాములు. దాన్ని 100 గ్రాములకు తెచ్చి, ఆ ఖాళీని ఆనపకాయ, బీరకాయ, చిక్కుడు, గోరుచిక్కుడు, వంకాయ, ఆకుకూరలతో నింపాలి. కూర రుచి అన్నంలో కలుపుకోవడానికి తగినట్టు ఉప్పుకారాలు వేసి వండుతాం కదా, ఇప్పుడు ఉత్త కూరే ఎక్కువగా తినాలి కనుక ఉప్పు, కారం, చింతపండు మూడూ తగ్గించక తప్పదు. ఈ ఒక్క మార్పు చేయకపోవడం వల్లనే చాలామంది వారం తిరక్కుండా మళ్లీ అన్నం వైపు వెళ్లిపోతారు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా ధాన్యాలూ చిరుధాన్యాలూ కలిపి రోజువారీ శక్తిలో 45 శాతం మించకూడదని ఆరోగ్యవంతులకే చెబుతున్నాయి. కనుక ఈ పద్ధతి షుగరు ఉన్నవారి కోసం ఇంట్లో మిగతావారు చేసే త్యాగం కాదు, అందరికీ తగినదే.

మజ్జిగ పులుసులోనూ దప్పళంలోనూ చిక్కదనం కోసం వేసే బియ్యప్పిండికి బదులు చెంచాడు శనగపిండి వాడండి. ఉలవచారు, నువ్వుగుండ, కొబ్బరి పచ్చడి ఈ వంటకు బాగా నప్పుతాయి.

సాలూరు, మందుల షాపు

టీచరు గారు వంట గురించి చెప్పవలసినదంతా చెప్పారు కనుక నేను మందుల మాట మాత్రం చెబుతాను. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి అన్నం తగ్గించడం వల్ల చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. కానీ ఇది చదివే మిగతావారిలో గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారు ఉంటే, డాక్టరుతో మాట్లాడి మోతాదు సరిచూసుకోకుండా ఒక్కసారిగా అన్నం మానకూడదు. చక్కెర 70 కంటే తగ్గితే చెమటలు, వణుకు, గుండెదడ, కళ్లు తిరగడం మొదలవుతాయి. వెంటనే మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తరువాత మళ్లీ పరీక్ష చేయాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆ మాత్రల మీద ఉండి పిండి పదార్థం బాగా తగ్గించేస్తే రక్తంలో చక్కెర అంతగా పెరగకుండానే కీటో ఆసిడోసిస్ అనే ప్రమాదకర పరిస్థితి రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

పలాస, కొబ్బరి తోట రైతు

సోదరికి నమస్కారం. బాదం పిండి అక్కర లేదన్న మీ ఆలోచనకు నా మద్దతు. మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరికి లోటు లేదు. పచ్చి కొబ్బరిలో 100 గ్రాములకు 15 గ్రాముల పిండి పదార్థం ఉంటే అందులో 9 గ్రాములు పీచే. మా ఇంట్లో కొబ్బరి పాలు తీసి కూరలో పోసుకున్నాక మిగిలిన పిప్పిని పారవేయరు. పళ్లెంలో పలుచగా పరచి, గలగలలాడేంతవరకు ఎండలో ఆరబెట్టి, మిక్సీలో పొడి చేసి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడతారు. బయట ఉంచితే నూనె వాసన మారిపోతుంది. రెండు కోడిగుడ్లలో మూడు చెంచాల ఈ పొడి, చెంచాడు పెరుగు, ఉప్పు, మిరియాలు కలిపి పది నిమిషాలు వదిలేయాలి. ఆ పొడి తడిని విపరీతంగా పీలుస్తుంది కనుక కలిపిన వెంటనే పలుచగా ఉన్న పిండి కాసేపటికి గట్టిపడుతుంది. అప్పుడు చిన్న చిన్న అట్లుగా వేసుకోవాలి. పెద్దగా వేస్తే తిప్పేటప్పుడు విరుగుతాయి.

మా ఊరి జీడిపప్పు గురించి కూడా ఉన్నమాట చెప్పాలి. జీడిపప్పులో 100 గ్రాములకు 25 నుంచి 30 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. వేరుశనగలో అది 16, 17 గ్రాములే. అందుకని గ్రేవీ చిక్కదనానికి నాలుగు బద్దలు వేయడం వేరు, పిండికి బదులుగా జీడిపప్పు పొడి వాడడం వేరు. వేరుశనగ చవకా, మీ వారికి తగినదీనూ. పనస కూడా అంతే. పచ్చి పనసపొట్టుకు ఆవ పెట్టి చేసిన కూర అన్నం లేకుండానే కడుపు నింపుతుంది. పండు తొనలూ పనస పిక్కలూ మాత్రం లెక్క చూసుకుని తినవలసినవే.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. మా కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస వైపు దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఎంతమందిని తీసుకుపోయిందో మన జిల్లాల్లో అందరికీ తెలుసు. ఆ బాధ చూసే 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు. అన్నం తగ్గించినవారు ఆ స్థానంలో పప్పు, మాంసం, గుడ్లు పెంచుతారు. కిడ్నీలు అప్పటికే దెబ్బతిని ఉంటే ఆ మాంసకృత్తులు భారమవుతాయి, కొబ్బరినీళ్లలోని పొటాషియం కూడా చేటు చేయవచ్చు. షుగరు కూడా కిడ్నీలను దెబ్బతీసేదే. కనుక మీ వారికి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించి, ఆ కాగితాలు డాక్టరు గారికి చూపించిన తరువాతనే ఈ మార్పులు మొదలుపెట్టండి. ఇది భయపెట్టడానికి కాదు. మా ఇళ్లలో జరిగినది చూసినవాణ్ణి కనుక చెబుతున్నాను.

రాజాం, సీలియాక్ ఉన్న పాప తల్లి

అక్కా, మీ మేనల్లుడి గురించి రాస్తున్నాను. గోధుమ మానడం అంటే చపాతీ, ఉప్మా మానడం ఒక్కటే కాదు. పొడి ఇంగువలో గోధుమ పిండిగాని మైదాగాని కలిపి అమ్ముతారు. డబ్బా మీద చదివి, గోధుమ, మైదా లేకుండా బియ్యప్పిండి కలిపినది మాత్రమే కొనండి. పాలలో కలుపుకునే మాల్టు పొడుల్లో బార్లీ ఉంటుంది, అదీ పడదు. సేమియా, బొంబాయి రవ్వ, బ్రెడ్డు, కేకులు సరేసరి.

అందరూ మరచిపోయేది పిండి మర. గోధుమలు ఆడిన రాయి మీదనే మన శనగలు, చోళ్లు ఆడితే అందులో గోధుమ పిండి కలిసే వస్తుంది, అతనికి ఆ కొంచెమే చాలు హాని చేయడానికి. మేము చోళ్లు, శనగపప్పు ఇంట్లో మిక్సీలోనే ఆడుకుని జల్లించుకుంటాం. జల్లెడ, చపాతీ పీట, పెనం కూడా అతనికి వేరుగా ఉండాలి. మీ ఇంట్లో గోధుమ పూర్తిగా మానేయగలిగితే ఈ వేరు సామాన్ల బాధ కూడా తప్పుతుంది. 

విజయనగరం ఇల్లాలు

అందరికీ ఎంతో కృతజ్ఞురాలిని. క్రియాటినిన్ పరీక్షకు రేపే రాయించుకుంటాం. ఇంగువ డబ్బా తీసి చూస్తే గోధుమ పిండి అనే రాసి ఉంది. వెంటనే తీసేశాను. మరి రెండు సందేహాలు మిగిలాయి. పిల్లలకు కూడా అన్నం తగ్గించాలా? అలాగే మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ముందురోజు జరిగే తోలేళ్ల నుంచే చుట్టాలు వస్తారు. పండగ పూట మా వారిని, మేనల్లుడిని పక్కన కూర్చోబెట్టి వేరే కంచం పెట్టడం నాకు మనసొప్పదు. రాత్రిపూట అన్నానికి బదులు కాలీఫ్లవరు తురిమి అన్నంలా వండుతారట, అది బాగుంటుందా?

కళింగపట్నం నుంచి

వదిన గారూ, కాలీఫ్లవరులో 100 గ్రాములకు 5 గ్రాములే పిండి పదార్థం, ఆ విధంగా మంచిదే. అయితే దాన్ని అన్నం అని చెప్పి వడ్డించకండి. అన్నం అనుకుని నోట్లో పెట్టుకున్న మనిషికి అది ఎప్పటికీ అన్నం కాదు, రెండో ముద్దకే విసుగు వస్తుంది. పోపు వేసి, కొబ్బరి తురుము చల్లి, వేపుడు కూర అని వడ్డిస్తే గిన్నె ఖాళీ అవుతుంది. మా ఇంట్లో క్యాబేజీని కూడా అలాగే చేస్తాను, అది ఏడాది పొడుగునా చవకగా దొరుకుతుంది.

మా తీరంలో రాత్రి భోజనం అంటే చేపల ఇగురే. కవ్వలు, నెత్తళ్లు ఖరీదు తక్కువ, పిండి పదార్థం అసలే లేనివి. వేయించేటప్పుడు బియ్యప్పిండి, మైదా పట్టించకుండా ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి ముద్ద రాసి అరగంట ఉంచి, పెనం మీద కొద్ది నూనెతో కాల్చండి. ఎండు చేపల్లో ఉప్పు ఎక్కువ కనుక రక్తపోటు ఉన్నవారికి అవి తరచుగా వద్దు.

ఆమదాలవలస, విశ్రాంత గృహవిజ్ఞాన అధ్యాపకురాలు

అమ్మా, ఎదిగే పిల్లలకు అన్నం తగ్గించవద్దు. వాళ్లకు ఆటకూ ఎదుగుదలకూ ఆ శక్తి కావాలి. తగ్గించవలసింది బిస్కెట్లు, చిప్సు, తీపి పానీయాలు. కూర రెట్టింపు వండుతున్నారు కనుక వాళ్ల కంచంలో కూర దానంతటదే పెరుగుతుంది. క్యారియరులో అన్నంతో పాటు ఉడికించిన గుడ్డు గాని వేరుశనగ, నువ్వుల ఉండ గాని పెట్టండి. ఉండలో బెల్లం ఉంటుంది కనుక అది పిల్లలకే, మీ వారికి కాదు. బెల్లం పంచదార కంటే షుగరుకు మంచిదన్న మాట నమ్మకండి.

పండగ సంగతి మీరు అనుకున్నంత కష్టం కాదు. మన పండగ వంటల్లో ధాన్యం లేనివి చాలానే ఉన్నాయి. మినప గారెలు, పెరుగులో వేసిన ఆవడలు, మాంసం కూర, చిక్కుడుకాయ కూర, ఉలవచారు, కొబ్బరి పచ్చడి వండితే చుట్టాలకూ లోటు ఉండదు, మీ వారూ మేనల్లుడూ అదే బంతిలో కూర్చుని తినవచ్చు. మీ వారికి గారెలు రెండింటితో ఆపి కూర ఎక్కువ వడ్డించండి. అన్నం, పులిహోర చుట్టాల కోసం ఉంటాయి, మేనల్లుడు కూడా తింటాడు. పులిహోరలో వేసే ఇంగువ మాత్రం చూసుకోవాలి. తీపి విషయంలో మీ వారి కోసం చక్కెర లేని కొత్తరకం తీపి ఏదో కనిపెట్టాలని ఆ హడావిడిలో తాపత్రయపడకండి. బూరెలు ఆయన ముందునుంచి దాచనూ వద్దు, బలవంతంగా వడ్డించనూ వద్దు. ఒకటి తినాలనిపిస్తే ఆ పూట అన్నం మానేసి తినమనండి.

బూరెల తోపు పిండిలో గోధుమ పిండి, మైదా కలపకండి. అవి కలిపి వేయించిన నూనెలో తరువాత గారెలు వేస్తే మేనల్లుడికి పడవు. ఏమైనా గారెలు ముందు వేయించి అతని వాటా మూతపెట్టి పక్కన ఉంచండి. మినప్పిండి రుబ్బేటప్పుడు చన్నీళ్లు చిలకరిస్తూ గట్టిగా రుబ్బండి. పలుచనైన పిండిని సరిచేయడానికి బియ్యప్పిండి కలపడం మన అలవాటు కనుక ఆ అవసరం రాకుండా చూసుకోవాలి. చుట్టాలు వచ్చేది సాయంత్రం అయితే పిండి పొద్దున్నే రుబ్బి ఉప్పు వేయకుండా ఫ్రిజ్‌లో పెట్టి, వేయించే ముందే ఉప్పు కలపండి.